వేడి తగ్గని దోసె

ప్రొద్దుటూరు చూడొచ్చన్న ఆశతో పెళ్ళికి తల ఊపిన మనిషి మైమూన్. ఆ మాట ఆమె ఎవరితోనూ పైకి అనలేదు. అంటే నవ్వుతారని భయం. కానీ నిజం అదే.

ఆమె పుట్టింది తుమ్మలపల్లెలో, దూదేకులవాళ్ళ ఇంట్లో. వాన పడితే నాలుగు శనగకాయలు, పడకపోతే అవీ లేని ఊరు. ఆ ఇంటి ఆడవాళ్ళకు పులివెందుల సంతకు పోవడమే పెద్ద ప్రయాణం. ఆ సంతకు ప్రొద్దుటూరి నుంచి గాజులమ్మే ఆమె ఒకతె వచ్చేది. చేతికి గాజులు ఎక్కిస్తూ ఆమె చెప్పే కబుర్లన్నీ తన ఊరివే. బంగారు అంగళ్ళు వీధి పొడుగునా ఉంటాయట. దసరాకు అమ్మవారిశాల ముందు జనం నేల ఈనినట్టు ఉంటారట. టాకీసులో ఆడవాళ్ళ బెంచీల ముందు గుడ్డ తెర కట్టి, దీపాలు ఆర్పిన తర్వాత దాన్ని పక్కకు లాగుతారట. రాయరు హోటల్లో ఆడవాళ్ళు కూర్చోవడానికి వేరే గది ఉందట, దోసె పెనం మీదే ఎర్రకారం పూసుకుని నేరుగా ముందున్న ఆకులోకి వస్తుందట. గాజు బిగుతై చెయ్యి నొప్పెడుతున్నా మైమూన్‌కు తెలిసేది కాదు. నోరు తెరుచుకుని వినేది.

పెళ్ళీడు వచ్చేసరికి రెండు సంబంధాలు కుదిరేలా కనిపించాయి. ఒకటి వీరపునాయునిపల్లెలో, బావి కింద పొలం ఉన్న ఇల్లు. రెండోది ప్రొద్దుటూరులో యూనుస్. దూది ఏకే విల్లు తప్ప ఆస్తి లేదు, పరుపులూ బొంతలూ కుట్టి బతికే మనిషి. తండ్రి పొలం వైపు మొగ్గాడు. మైమూన్ తల్లి దగ్గర చేరి గొణిగింది.

"ఆ పరుపులాయన్నే చేసుకుంటా మా."

"పొలముండే ఇంటికి పోవే అంటే పరుపులాయన కావల్లంటావు. ఏం సూసినావే ఆయప్పలో?"

ఏం చూసిందని చెబుతుంది? ఆయన్ని చూడనే లేదు. ఊరిని చూసుకుంది.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే ఆ పెళ్ళి జరిగింది. కొత్త పెళ్ళికూతురు బండి దిగిన సందుకు రెండు మొగలు ఉన్నాయి. ఒకటి వెడల్పుది, మగ్గాల వీధి వైపు తెరుచుకుంటుంది, బండ్లూ జట్కాలూ అటు నుంచే వస్తాయి. రెండోది ఇరుకుది, మలుపు తిరిగి బజారులోకి పోతుంది. మనిషికి మనిషి ఎదురైతే ఒకరు గోడకు అతుక్కుని నిలబడాలి. మైమూన్ వెడల్పు మొగ నుంచి వచ్చింది. ఇరుకు మొగ వైపు నుంచి బజారు గోల వినపడుతుంటే ముసుగులోనే నవ్వుకుంది. ఇంకేముంది, రేపో ఎల్లుండో అటు పోవడమే.

ఆ రేపు రాలేదు. పెళ్ళి పందిరి గుంజలు పీకకముందే అత్త అమీనాబీ బావి దగ్గర జారిపడింది. పడటం వల్ల జబ్బు వచ్చిందో, జబ్బు వచ్చి పడిందో డాక్టరు కూడా తేల్చి చెప్పలేదు. కుడి చెయ్యీ కుడి కాలూ చచ్చుబడ్డాయి. మాట ముద్దగా మారింది. ఇక ఆమెను తిప్పి పడుకోబెట్టాలి, తినిపించాలి, పక్క మార్చాలి. గొంతులో ఎంగిలి అడ్డం పడితే లేపి కూర్చోబెట్టాలి. ఒంటరిగా వదలడానికి లేదు. యూనుస్ పొద్దున్నే విల్లు భుజాన వేసుకుని పోతే సాయంత్రానికి దూది పింజలు తలకంటించుకుని వచ్చేవాడు. కూరగాయలు గడప దగ్గరికే వచ్చేవి. నీళ్ళు పెరటి బావిలోనే ఉండేవి. బయటికి పోవాల్సిన పని ఒక్కటీ లేకుండా ఆ ఇల్లు అన్నీ అమర్చి పెట్టింది. ఏ పెళ్ళికో చావుకో పోవాల్సి వస్తే బండి వెడల్పు మొగకే వచ్చేది, అటు నుంచి అటే ఊరు దాటించేది. అప్పుడు కూడా పక్కింటావిడను బతిమాలి అత్త దగ్గర కూర్చోబెట్టి, పోయిన దోవనే పరుగున తిరిగి రావడమే.

అంతవరకైతే ఎందరో కోడళ్ళ కథే. మైమూన్ కథలో ఇంకొక చిక్కుంది. ఆమెది పట్నంలో ఇల్లు.

పట్నంలో ఇల్లుంటే చుట్టాలందరికీ అది సత్రం. జమ్మలమడుగు నుంచి ఆడబిడ్డ దిల్షాద్‌బీ, కమలాపురం నుంచి పినమామ కుటుంబం, పులివెందుల నుంచి పుట్టింటి తాలూకు వాళ్ళు, వాళ్ళ ఇరుగుపొరుగు. ఏ దసరాకో, ఏ కొత్త సినిమాకో, ఊరికే రెండు రోజులు గాలి మార్పుకో దిగేవారు. చెడ్డవాళ్ళు కాదు. చెడ్డవాళ్ళయితే ముఖం ముడుచుకుని వదిలించుకోవచ్చు. మంచివాళ్ళతోనే మనిషికి చావు. వచ్చేటప్పుడు జొన్నలో, అలసందలో, ఒక కోడిపెట్టో తెచ్చేవారు. "మైమూనా, మైమూనా" అని ప్రాణం పెట్టేవారు. చేతిలోని పిల్లల్ని ఆమె ఒళ్ళో పెట్టి, యూనుస్‌ను తోడు తీసుకుని ఊరు చూడను పోయేవారు.

"నీకు పిల్లలంటే ప్రాణం గదా," అనేవారు. పిల్లలు లేని మనిషితో ఆ మాట అనకూడదని ఒక్కరికీ తోచేది కాదు. మైమూన్ చంకన ఒకర్నీ, కాళ్ళ మీద ఒకర్నీ వేసుకుని, అత్తను తిప్పి పడుకోబెడుతూ, పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నదో లేదో చూసుకునేది.

వింతేమిటంటే, ప్రొద్దుటూరు ఎలా చూడాలో ఆ చుట్టాలకు నేర్పింది మైమూనే. తిరిగొచ్చిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి అడిగేది. ఏం చూశారు, ఎటు నుంచి పోయారు, ఏది ముందు, ఏది వెనక. గాజులామె మాటలకు చుట్టాల మాటలు అతికించి, ఊరంతా తలలో కట్టుకుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు గడపలో నిలబడి దోవ చెప్పేది.

"ముందు హోటలుకు పోండి. ఆకలి మీద పోతేనే ఆ దోసె రుచి తెలిసేది. ముందే టాకీసుకు పోతే ఆడ బజ్జీలు తిని కడుపు నింపుకుంటారు. మ్యాట్నీ ఇడిసినాక నేరుగా బంగారు అంగళ్ళ వీధికి పోండి, అప్పటికి దీపాలు పెడతాంటారు. కొనేది ల్యాకపోయినా సూడల్ల ఆ వీధిని. రేపు పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని పెన్నకు పోండి. ఎండెక్కినాక పోతే కాళ్ళు కాలిపోతాయి."

తుమ్మలపల్లె దాకా పాకింది ఆమె పేరు. ప్రొద్దుటూరికి పోతే మైమూన్‌ను అడిగి పో, ఆమె చెప్పినట్టు చూస్తే ఒక్కటీ తప్పిపోదు అనేవారు. ఆమె ఇందులో ఒక్కటీ చూడలేదన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. పట్నంలో ఉండే మనిషి పట్నం చూడకుండా ఉంటుందని ఎవరనుకుంటారు?

అయితే ఆమెకు అందేది ఒకటుండేది. దోసె.

ఊరు తిరిగి ఇంటికి చేరేవాళ్ళు ఇంట్లో ఉన్న మనిషికి తినేది ఏదైనా పట్టుకుని రావాలన్నది ఆ ఇళ్ళలో మర్యాద. ఒట్టి చేతులతో గడప తొక్కరు. అలా ప్రతిసారీ బాదమాకులో చుట్టిన పొట్లం ఒకటి మైమూన్ చేతికి వచ్చేది. "ఇదిగో మే, రాయరు హోటలు దోసె" అని ఇచ్చేవారు. విప్పితే పొగలు. ఎర్రకారం మీద వేయించిన నువ్వుల వాసన గుప్పుమనేది. అంత దూరం నుంచి తెచ్చినా వేలు పెడితే చురుక్కుమనేది.

ఆ వేడి చూసి మైమూన్‌కు కళ్ళు చెమర్చేవి. బజారు అవతల ఎక్కడో ఉన్న హోటలు నుంచి, చల్లారితే రుచి పోతుందని, తన కోసం ఎంత వేగంగా నడిచి వచ్చారో అనుకునేది. "వేడి తగ్గకుండా తెచ్చినారు. ఎంత బిన్నా నడిచొచ్చినారో పాపం!" అని పైకి అనేది కూడా. వాళ్ళు నవ్వేవారు. సగం తను తిని, సగం మెత్తగా నలిపి అత్త నోట్లో పెట్టేది. రోజంతా మోసిన పిల్లల బరువు ఆ దోసెతో దిగిపోయేది. తనను ఎవరూ బయటికి తీసుకుపోకపోయినా, బయట తిరుగుతున్నంతసేపూ తను వాళ్ళ మనసులో ఉందనడానికి ఆ వేడే సాక్ష్యం అనుకుంది. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె ఇన్నేళ్ళు పొయ్యి ముందు కూర్చోగలిగింది.

"ఆ హోటల్లో కారంలో నువ్వులు ఏయించి కొట్టి ఏస్తారు. అదే దాని రుచి," అని కొత్తవాళ్ళకు చెప్పేది. వాళ్ళు పోయి తినొచ్చి, అడిగితే, "అవునవును, నువ్వులే" అని తల ఊపేవారు.

ఒక్కసారి మాత్రం ఆమె బయలుదేరింది. అది దసరా. దిల్షాద్‌బీ పిల్లలతో వచ్చింది. అమ్మవారిశాల ఊరేగింపు చూడను అందరూ పోతుంటే, పక్కింటావిడ అత్త దగ్గర ఉంటానంది. మైమూన్ పెళ్ళి చీర తీసి కట్టుకుంది. కొప్పులో పూలు పెట్టుకుంది. గడప బయట ఒక కాలు పెట్టిందో లేదో, లోపల నుంచి అమీనాబీ మూలుగు, పక్కింటావిడ కేక. పక్క పాడైంది. ఇంకొకరి చేత అది ఎత్తించలేం కదా. మైమూన్ వెనక్కి వచ్చి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"నువ్వు ఈ ఊర్లోనే ఉండావు గదా మే," అంది దిల్షాద్‌బీ. నిజంగా జాలిపడే అంది. "ఈపొద్దు కాకుంటే రేపు సూస్తావు. మాకైతే మళ్ళా ఎప్పటికో. ఈ చిన్నోడు జనంలో ఏడుస్తాడు, రవంత పట్టుకో."

ఊర్లోనే ఉండావు గదా. తాళం కనిపించని గొలుసు ఆ మాట. ఎవరూ ఆమెను పోవద్దనలేదు. ఎప్పుడైనా పోవచ్చు కాబట్టి ఎప్పుడూ పోవాల్సిన పని లేదు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది, రాష్ట్రం పేరు మారింది, ఆఫీసులూ గుమాస్తాలూ బీరువాలూ అన్నీ లారీలెక్కి పోయాయి. మైమూన్ మాత్రం వంటింట్లో నుంచి బజారుకు పోలేకపోయింది.

అలా ఉండగా చెల్లెలు ఖమర్‌బీ వచ్చింది. కొత్తగా పెళ్ళయి పులివెందులలో కాపురం పెట్టిన పిల్ల. మనసులో ఉన్నది దాచుకోవడం చేతకాదు. అక్క దోవ చెబుతుంటే వింటూ వింటూ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ టాకీసులో తెర ఏం రంగుది అక్కా?"

మైమూన్ కొంగు సర్దుకుంది. తెర రంగు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నువ్వు పోనేలేదా?" ఖమర్‌బీ లేచి నిలబడింది. "ఇన్నేండ్లు ఈ ఊర్లో ఉండి, ఇంతమందిని పంపించి, నువ్వు పోనేలేదా అక్కా? మరి ఏం మనుషులు మీరంతా?" ఆ చివరి మాట బావను చూసి అన్నది. యూనుస్ దూది ఏకుతూ విల్లు మీదికి వంగాడు. "ఈపొద్దు నేను ఈడుంటా. అత్తను నేను సూసుకుంటా. నువ్వు అక్కను పిల్చుకోనిపో బావా. హోటలుకు, టాకీసుకు, అన్నిటికీ."

మైమూన్ వద్దంది. అత్త పక్క మార్చడం నీకు రాదంది, మందు ఎప్పుడో నీకు తెలియదంది. అప్పుడు మంచం మీద నుంచి అమీనాబీ ఎడమ చెయ్యి లేచింది. ఆ చెయ్యి గడప వైపు చూపించి, "పో" అంది. ముద్దగానే అంది. కానీ అందరికీ అర్థమైంది.

యూనుస్ జట్కా తెచ్చాడు. భార్యను మొదటిసారి ఊరు చూపిస్తూ నడిపించడం ఏం బాగుంటుందని. జట్కా వెడల్పు మొగ దగ్గర నిలబడింది. మైమూన్ పెళ్ళి చీర కట్టుకుని ఎక్కింది. ఈసారి వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

ఎంత సంతోషపడిందో చెప్పడం కష్టం. మగ్గాల చప్పుడు దాటారు. బట్టల అంగళ్ళు వచ్చాయి. "అమ్మవారిశాల ఇదేనా?" అంది. "అదే," అన్నాడు యూనుస్. బంగారు అంగళ్ళ వీధిలో పట్టపగలు కూడా అద్దాల వెనక దీపాలు వెలుగుతున్నాయి. అది మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె చిన్నపిల్లలా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. జట్కా పోతూనే ఉంది. ఇంకొక బజారు, ఇంకొక మలుపు.

"ఇంత దూరమా ఆ హోటలు?" అంది.

యూనుస్ గుర్రం చెవుల వైపు చూస్తూ, "రవంత దూరమే," అన్నాడు.

హోటల్లో ఆడవాళ్ళ గది వెనక వైపు ఉంది. గాజులామె చెప్పినట్టే గుమ్మానికి గుడ్డ తెర. లోపల చెక్క బల్ల, గోడకు మసి. ఆమెకు అదంతా బంగారంగా కనిపించింది. అరిటాకు వేశారు. దోసె వచ్చింది. ఎర్రగా, అంచులు కరకరలాడుతూ, మధ్యలో వెన్న కరుగుతూ. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంది.

బాగుంది. చాలా బాగుంది. కానీ ఇది ఆ దోసె కాదు.

ఇంకొక ముక్క తిన్నది. ఈసారి కళ్ళు మూసుకుని నమిలింది. నువ్వులు లేవు. నూనె వాసన కూడా వేరు. మంచినీళ్ళు తెచ్చిన సర్వరును అడిగింది.

"నువ్వుల కారం అయిపోయిందా అప్పా?"

"నువ్వులా?" సర్వరు నవ్వాడు. "మా హోటల్లో ఎప్పుడూ నువ్వులు ఎయ్యలేదమ్మా. ఇది ఉల్లిగడ్డ, మిరపకాయ కారం. మొదట్నించీ ఇదే."

"ఇంటికి కట్టించుకుంటే బాదమాకులో కడతారు గదా?"

"బాదమాకు మా కాడ యాడుంటాదమ్మా? అరిటాకే. పైన కాగితం."

మైమూన్ యూనుస్ వైపు చూసింది. దోసె కనపడితే నాలుగు ముక్కల్లో మింగేసే మనిషి, ఆకులో ముక్కను తుంచి తుంచి పొడి చేస్తున్నాడు. తల ఎత్తలేదు. ఇన్నేళ్ళూ చుట్టాలను వెంటబెట్టుకుని ఊరు తిప్పింది ఆయనే కదా. తిరిగి వచ్చేటప్పుడు పక్కన నడిచిందీ ఆయనే కదా. ఏమిటో ఇంకా పూర్తిగా తెలియలేదు గానీ, తనకు తెలియనిది ఒకటుందనీ, అది ఆయనకు తెలుసనీ మాత్రం అర్థమైంది.

"ఖమర్‌కూ అత్తకూ ఒక దోసె కట్టియ్యమను," అంది. "నడిచే పోదాం. సుట్టాలు వచ్చే దోవలోనే పోదాం."

"మ్యాట్నీకి టైమయితాంది మే."

"టాకీసు వద్దు."

పొట్లం రెండు చేతుల మధ్య పట్టుకుని బయలుదేరింది. కాగితంలో నుంచి కూడా వేడి తగిలింది. ఆమె వేగంగా నడిచింది, చెప్పులు అలవాటు లేని కాళ్ళతో, దాదాపు పరుగు. యూనుస్ వెనకబడ్డాడు. బంగారు అంగళ్ళ వీధి మళ్ళీ వచ్చింది, ఈసారి ఆమె అటు చూడలేదు. బట్టల అంగళ్ళు దాటేసరికి పొట్లం గోరువెచ్చగా మారింది. అక్కడి నుంచి ఇంకా వేగం పెంచింది. ఇరుకు మొగ కంటపడేసరికి చేతిలో ఉన్నది చల్లారిన పిండి ముద్ద.

మొగ దగ్గర ఒక బాదం చెట్టుంది. కింద మట్టిపొయ్యి, పొయ్యి మీద పెనం. పెనం ముందు తల నెరిసిన మనిషి ఒకామె కూర్చుని దోసె తిప్పుతోంది. పక్కనే కడిగి ఆరబెట్టిన బాదమాకుల దొంతర. నువ్వుల వాసన బజారు వైపుకు కొడుతోంది. ఆమె పేరు ఈశ్వరమ్మ. వెనక వస్తున్న యూనుస్‌ను చూసి ఎప్పటిలాగే పలకరించింది.

"ఏమప్పా యూనుసూ, ఈపొద్దు ఊర్నించి ఎవరొచ్చినారు? లోపలుండే ఆమెకు కట్టియ్యల్లనా?"

యూనుస్ నిలబడిపోయాడు.

"ఆ లోపలుండే ఆమె నేనే," అంది మైమూన్.

ఈశ్వరమ్మ చేతిలో అట్లకాడ ఆగింది. తర్వాత కంగారుగా పక్కనున్న పీటను కొంగుతో తుడిచింది. "నువ్వేనా తల్లీ? కూర్చో, కూర్చో. ఇన్నేండ్లు దోసెలు పంపిస్తాండా, నీ మొగం సూడ్నే లేదు."

"ఎప్పుడూ ఈడ్నే తీసుకుంటారా మావాళ్ళు?"

ఈశ్వరమ్మకు అబద్ధం చెప్పాలని తోచలేదు. ఎందుకు తోస్తుంది? "ఈడ్నే. బిన్నా బిన్నా అని నిలబడతారు. ఇంట్లో ఒకామె ఉండాది, తెచ్చేది మర్సిపోయినాం, ఏదో ఒకటి కట్టియ్యి ఈశ్వరమ్మా అంటారు. పాపం ఎవరో, అందరూ మర్సిపోతాండారే అనుకోని, నీ దాంట్లో నువ్వులు రవంత ఎక్కువేసేదాన్ని."

మైమూన్ పీట మీద కూర్చుంది. ఇంటి గడప నుంచి మలుపు తిరిగితే కనిపించే చోటు అది. అంటే ఆ వేడి ఇంత దూరానిది. తన కోసం ఎవరూ నడిచి రాలేదు, పరుగెత్తలేదు. తినేటప్పుడు తను గుర్తు లేదు. సినిమా చూసేటప్పుడు లేదు, బంగారం వీధిలో లేదు, పెన్న ఇసకలో లేదు. సందు మొగకు వచ్చి, ఒట్టి చేతులు చూసుకున్నప్పుడు గుర్తుకొచ్చింది.

ఈశ్వరమ్మ పెనం మీది దోసెను ఆకులోకి తీసి ఆమె చేతిలో పెట్టింది. మైమూన్ తిన్నది. ఇదే ఆ రుచి. తింటూ ఉంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తిన్నది.

"నువ్వు రాయరు హోటల్లో తిన్నావా అక్కా?" అని అడిగింది చివరికి.

"నేను యాడ తింటా తల్లీ? ఈ పొయ్యి ఇడిసిపెట్టి లేస్తే గదా. ఆ హోటలు ఏ పక్కుండాదో కూడా తెల్దు నాకు," అని ఈశ్వరమ్మ పెనం మీద నీళ్ళు చిలకరించింది.

మైమూన్ లేచింది. హోటలు పొట్లం విప్పి, చల్లారిన ఆ దోసెను ఆమె ముందు పెట్టింది. "సూడు, ఎట్లుంటాదో." ఇంటికి ఈశ్వరమ్మ కట్టి ఇచ్చిన పొట్లం పట్టుకుని పోయింది.

ఖమర్‌బీ ఎదురొచ్చి, "సినిమా ఇడిసినారా అప్పుడే?" అంది. తలనొప్పి వచ్చిందని చెప్పింది మైమూన్. అత్త నోట్లో దోసె నలిపి పెట్టింది. ఖమర్‌బీ తన వాటా తింటూ, "అబ్బా, రాయరు హోటలంటే హోటలే అక్కా. ఇంకా వేడిగానే ఉండాది," అంది. మైమూన్ అవునంది.

దీపాలు పెట్టే వేళకు బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే యూనుస్ వచ్చి చేంతాడు అందుకున్నాడు. బిందె నింపాడు. తర్వాత, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఆడ తినేటప్పుడు గుర్తుండదు మే. ఇంటికాడికి వచ్చేసరికి గుర్తుకొస్తావు. కావాలని చేసింది కాదు."

కావాలని చేసి ఉంటే తిట్టడానికి వీలుండేది. మైమూన్ బిందె నడుముకు ఎత్తుకుంది. "టాకీసుకు వచ్చే వారం పోదాంలే," అన్నాడు ఆయన వెనక నుంచి. వచ్చే వారం కమలాపురం నుంచి పినమామ వాళ్ళు దిగారు. ఆ తర్వాత అమీనాబీకి ఆయాసం. టాకీసులో తెర రంగు ఏమిటో మైమూన్‌కు ఆ ఏడు కూడా తెలియలేదు.

దసరా వచ్చింది. దిల్షాద్‌బీ జమ్మలమడుగు నుంచి పిల్లలతో దిగింది. గండికోట తిరునాళ్ళలా ఒకటే సందడి. "ముందు యాడికి పోవల్ల మే?" అని అడిగింది. మైమూన్ గడపలో నిలబడి చెప్పింది. ముందు హోటలు, ఆకలి మీద పోవాలి. తర్వాత మ్యాట్నీ. తర్వాత బంగారు అంగళ్ళ వీధి. "పగలు పోయినా బాగుంటాది వదినా. అద్దాల ఎనక ఎప్పుడూ దీపాలు ఎలుగుతాంటాయి," అని ఒక మాట కొత్తగా చేర్చింది. హోటలు దోసెలో నువ్వుల సంగతి మాత్రం ఎత్తలేదు. చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, అత్తను తిప్పి పడుకోబెట్టి, ఎసరు పెట్టింది.

వాళ్ళు ఊరేగింపు కూడా చూసుకుని తిరిగొచ్చారు. యూనుస్ వెనక నడుస్తున్నాడు. దిల్షాద్‌బీ ఆయాసపడుతూ గడప ఎక్కి బాదమాకు పొట్లం ముందుకు చాపింది.

"ఇదిగో మే, రాయరు హోటలు దోసె."

మైమూన్ పొట్లం విప్పింది. పొగలు వచ్చాయి. నువ్వులు ఎప్పటికన్నా దట్టంగా ఉన్నాయి. ఆకు మడతలో, దోసె కింద, ఎవరికీ కనపడకుండా, రాలిన కాయలు పగలగొట్టి తీసిన బాదం పలుకులు నాలుగున్నాయి. అవి దోసె లెక్కలోవి కావు. ఎవరూ అడగనివి. మైమూన్ వాటిని పిడికిట్లో మూసుకుంది.

చెప్పేయవచ్చు. నాలుక చివరన ఉంది. చెబితే ఏమవుతుంది? దిల్షాద్‌బీ ముఖం మాడిపోతుంది. చుట్టాలందరికీ తెలుస్తుంది, సిగ్గుపడతారు. సిగ్గుపడినవాళ్ళు ఆమెను బజారుకు తీసుకుపోరు. దోసె తేవడం మానేస్తారు. పిల్లల్ని ఒళ్ళో పెట్టడం మాత్రం మానరు. అప్పుడు సందు మొగ నుంచి వచ్చే ఈ ఒక్క వేడి కూడా ఆమెకు ఉండదు.

మైమూన్ తల ఎత్తి ఆడబిడ్డ కళ్ళలోకి చూసింది.

"వేడి తగ్గకుండా తెచ్చినారు వదినా," అంది. "అంత దూరం నుంచి ఎంత బిన్నా నడిచొచ్చినారో పాపం!"

వెనక యూనుస్ చెప్పులు విడుస్తూ విడుస్తూ ఆగిపోయాడు. దిల్షాద్‌బీ ముఖం వెలిగిపోయింది.

"మరి? నీకోసమే గదా మే, పరుగెత్తుకోనొస్తిమి. కాళ్ళు పీకుతాండాయి నాకు," అంటూ అరుగు మీద కూలబడి, చంకలోని పిల్లవాణ్ణి చాపింది. "వీన్ని రవంత పట్టుకో."

మైమూన్ పిడికిలి విప్పకుండానే పిల్లవాణ్ణి అందుకుంది.